మాడు కోసం కొట్టుకోవడమేంటండీ బాబూ: పర్షియన్ రెస్టారెంట్ మీద మీ ప్రశ్నలు

పోయినసారి ఈ కాలమ్‌లో ఫెసెంజాన్ అనే ఇరాన్ కూర గురించి మాటవరసకి నాలుగు లైన్లు రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. సగం మందేమో సిటీలో కొత్తగా పెట్టిన మోడ్రన్ పర్షియన్ రెస్టారెంట్‌కి వెళ్ళొచ్చాం, ఏం తిన్నామో మాకే తెలీలేదు అంటారు, మిగతా సగం వెళ్దామనుంది కానీ మెనూ చూస్తేనే భయమేస్తోంది అంటారు. అందుకని ఈసారి మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు కాబట్టి అందరివీ తీసేశా, మళ్ళీ నా పేరెందుకు వెయ్యలేదని ఎవరూ అలగొద్దు.

ప్రశ్న: మేడమ్, వచ్చేవారం మా పెళ్ళిరోజు. మా ఆవిడ పర్షియన్ రెస్టారెంట్‌కే వెళ్దామని పట్టుబట్టింది. మెనూ ఆన్‌లైన్‌లో చూశాను, చెలో, పొలో, ఖోరెష్, కూబీదే... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పిల్లలిద్దరితో కలిపి నలుగురం. వెయిటర్ ముందు తెల్లమొహం వెయ్యకుండా ఏం చెప్పాలో చెప్పండి.

జవాబు: ముందుగా పెళ్ళిరోజు శుభాకాంక్షలండి. కంగారు పడకండి, నాలుగు మాటలు వస్తే చాలు ఆ మెనూ మొత్తం విడిపోతుంది. చెలో అంటే విడిగా వండిన తెల్లన్నం, పొలో అంటే ఏదో ఒకటి కలిపి వండిన అన్నం, ఖోరెష్ అంటే చెలో మీద పోసుకుని తినే చిక్కటి కూర, కబాబ్ మీకు తెలిసిందే. కూబీదే అంటే దంచినది అని అర్థం, ఖీమాలో ఉల్లిపాయ తురిమి కలిపి వెడల్పాటి ఇనప చువ్వకి అంటించి బొగ్గుల మీద కాలుస్తారు. బర్గ్ అంటే పల్చగా కోసిన మెత్తటి మాంసం, ఆ రెండూ కలిపి ఒకే ప్లేట్‌లో పెడితే దాని పేరు సొల్తానీ. జూజే అంటే కోడి, నిమ్మరసం ఉల్లిపాయ కుంకుమపువ్వు పట్టించి కాలుస్తారు, పిల్లలకి అది చెప్పేయండి గొడవ ఉండదు.

నలుగురికి నా లెక్క ఇది. మొదట్లో ఒక మాస్త్ ఓ ఖియార్, అంటే పెరుగులో కీరా పుదీనా కలిపింది, ఒక్కోచోట పైన ఎండు గులాబీ రేకులు కూడా చల్లుతారు. దాంతోపాటు సబ్జీ ఖోర్దన్ ఒక ప్లేటు, తులసిలాంటి రెయ్‌హాన్, పుదీనా, ముల్లంగి, ఉల్లికాడలు అన్నీ పచ్చివే, జున్నులాంటి తెల్ల చీజ్, అక్రోట్లు, రొట్టె పక్కన పెడతారు. చాలామంది అది డెకరేషన్ అనుకుని పక్కకి నెట్టేస్తారు, అయ్యో, అది తినడానికే, రొట్టె చించి అందులో చీజ్, ఆకులు చుట్టి తినాలి. తర్వాత ఒక జూజే, ఒక సొల్తానీ, ఒక ఘోర్మె సబ్జీ, అంటే ఆకుకూరలూ మాంసం వేసిన ఖోరెష్, ఒక జెరెష్క్ పొలో, అంటే పుల్లటి చిట్టి ఎర్రపళ్ళు వేసిన అన్నం. అన్నీ టేబుల్ మధ్యలో పెట్టించుకోండి, ఈ తిండి ఎవరి ప్లేటు వాళ్ళు కాపలా కాసుకునేది కాదు. ఇంకోటి, ఇరాన్‌లో అన్నం స్పూన్, ఫోర్క్‌తోనే తింటారు, కుడిచేతిలో స్పూను ఎడమచేతిలో ఫోర్కు, కబాబ్‌ని కూడా స్పూను అంచుతోనే కోసేస్తారు. కత్తి ఇవ్వలేదేంటని వెయిటర్‌ని పిలవక్కర్లేదు. కబాబ్‌తో వచ్చిన కాల్చిన టమాటాని అన్నంలో చిదిమేసి, వెన్నముక్క కలిపి, పైన సుమాక్ అనే ఎర్రటి పుల్లటి పొడి చల్లుకోండి. ఆ పొడి ఉప్పు, మిరియాల డబ్బాల్లాగా టేబుల్ మీదే ఉంటుంది.

ప్రశ్న: అక్కా, మేము ఫ్రెండ్స్ వెళ్ళాం. వెయిటర్ పెద్ద సీన్ క్రియేట్ చేసి గిన్నె బోర్లించి అడుగంటిన అన్నం పెట్టాడు, దాని పేరు తహ్‌దీగ్ అంట, బిల్లు విడిగా వేశారు. పక్క టేబుల్ వాళ్ళేమో ఆ ముక్క కోసం నిజంగానే కొట్టుకుంటున్నారు. మాడిపోయిన అన్నానికి ఇంత డిమాండేంటక్కా?

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగింది వెటకారంగానే అయినా అసలు ప్రశ్న ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. తహ్ అంటే అడుగు, దీగ్ అంటే గిన్నె, మాటకి మాట గిన్నె అడుగు. కానీ అది మాడింది కాదు, మాడకుండా ఆపింది. తేడా తెలియాలంటే చెలో ఎలా వండుతారో తెలియాలి. పొడుగు బియ్యం కడిగి ఉప్పునీళ్ళలో కొన్ని గంటలు నానేస్తారు. బోలెడు నీళ్ళు తెర్లబెట్టి అందులో వేసి, మెతుకు పైన మెత్తబడి లోపల ఇంకా కాస్త పలుకు ఉండగానే వార్చేస్తారు, అది నిమిషాల పని, ఒక్క నిమిషం ఏమారితే ముద్దే. ఆ తర్వాత గిన్నెలో నూనో వెన్నో వేసి, వార్చిన అన్నాన్ని గుట్టలాగా పోసి, ఆవిరి పోవడానికి గరిటె కాడతో అక్కడక్కడ బొక్కలు పెట్టి, మూతకి గుడ్డ చుట్టి బిగిస్తారు. ఆ గుడ్డ పేరు దమ్‌కొనీ. ఆవిరి పైకెళ్ళి నీటిచుక్కలై మళ్ళీ అన్నం మీద పడకుండా ఆ గుడ్డ పీల్చుకుంటుంది, అందుకే మెతుకు మెతుకు విడిగా ఉంటుంది. అలా సన్నసెగ మీద ముప్పావుగంటో గంటో వదిలేస్తే పైన అన్నం పువ్వులా ఉడుకుతుంది, అడుగున ఉన్నది నూనెలో నెమ్మదిగా వేగి బంగారం రంగు పట్టలాగా అవుతుంది. మంట పెద్దదైతే నలుపు, తక్కువైతే ఊడిరాదు, మూత తీసి చూసే వీల్లేదు. గిన్నె బోర్లించేదాకా వండినవాళ్ళకి కూడా తెలీదు. అందుకే ఆ సీన్.

ఒక గిన్నెకి అడుగు ఒకటే కదా, ఎంతమంది ఉంటే అంత చిన్న ముక్క, అదీ కొట్టుకోవడానికి కారణం. అడుగున ఉత్త అన్నమే ఉండాలని లేదు, లవాష్ రొట్టె పరిచి చేస్తారు, బంగాళదుంప చక్రాలు పరిచి చేస్తారు, పెరుగు, కుంకుమపువ్వు కలిపిన అన్నం పరిచి చేస్తారు. నాకైతే దుంపదే ఇష్టం, రొట్టెది చల్లారితే అప్పడంలా విరుగుతుంది కానీ దుంపకి ఒకవైపు కరకర, ఇంకోవైపు వెన్నలా మెత్తన.

ఇప్పుడు నీ బిల్లు సంగతి. ముక్క బంగారం రంగులో ఉండి, పంటికింద కరకరమని, కాసిన్ని మెత్తటి మెతుకులు ఒకవైపు అంటుకుని ఉంటే ఎంత వేసినా ఇచ్చెయ్. ఒకే సైజులో గుండ్రంగా, రెండువైపులా ఒకేలా గట్టిగా ఉంటే మాత్రం అది గిన్నె అడుగు కాదు, ఉడికిన అన్నాన్ని అచ్చులో నొక్కి వేయించింది, మోడ్రన్ చోట్ల ఇది బాగా నడుస్తోంది. అలాంటిదే ఒకచోట నాకు పెట్టారు, కొరికితే పన్ను కదిలింది. నేను ఏ పర్షియన్ రెస్టారెంట్‌కెళ్ళినా లైట్లూ గోడమీద టైల్సూ చూడను, ముందు ఉత్త చెలో తెప్పించుకుని ఒక ముద్ద ఏమీ కలపకుండా తింటా. అది బాగుంటే మిగతావి ఒకటీ అరా తేడా వచ్చినా క్షమించేస్తా.

ప్రశ్న: అంత పేరున్న చోటు కదా అని ఫెసెంజాన్ తెప్పించాం. బురదలాగా ఉంది రంగు. తియ్యగా పుల్లగా, కారం మచ్చుకైనా లేదు. మమ్మల్ని చూసి కారం తగ్గించి చేశారా, లేక వాళ్ళ వంటే అంతనా?

జవాబు: వాళ్ళ వంటే అంతండీ, మిమ్మల్ని ఎవరూ మోసం చెయ్యలేదు. ఆ రంగు ఉంటేనే ఫెసెంజాన్ బాగా కుదిరినట్టు. అక్రోట్లని మెత్తగా పొడి చేసి, దానిమ్మరసం బాగా మరగబెట్టిన చిక్కటి పాకంతో కలిపి, బాతుమాంసమో కోడిమాంసమో వేసి గంటల తరబడి సన్నసెగ మీద ఉంచుతారు, అక్రోట్ల నూనె పైకి తేలేదాకా. లేతరంగులో ఉంటే తొందరపడి దించేసినట్టే. కాస్పియన్ సముద్రం పక్కన గీలాన్ అనే ప్రాంతం వంట ఇది, అక్కడ కాస్త పుల్లగా చేస్తారు, వేరేచోట్ల తీపి ఎక్కువ చేస్తారు, మీకు తీపి నచ్చకపోతే పుల్లగా ఉండేలా ఇమ్మని అడగొచ్చు, వింటారు.

ఇక్కడ ఒక విషయం పట్టుకుంటే మొత్తం మెనూ అర్థమవుతుంది. ఈ వంటలో నాలుకని లేపేది కారం కాదు, పులుపు. అది కూడా ఒక రకం కాదు. దానిమ్మ పులుపు ఫెసెంజాన్‌లో, ఎండు నిమ్మకాయ పులుపు ఘోర్మె సబ్జీలో, జెరెష్క్ అనే చిట్టి ఎర్రపళ్ళ పులుపు అన్నంలో, సుమాక్ పులుపు కబాబ్ మీద, పుల్లటి చెర్రీలు ఆల్బాలూ పొలోలో, పచ్చిద్రాక్ష పులుపు కొన్ని కూరల్లో, కష్క్ అనే ఎండబెట్టిన మజ్జిగ సరుకు పులుపు వంకాయలో, ఇవన్నీ చాలక పక్కన తొర్షీ అని వెనిగర్‌లో ఊరేసిన కూరగాయలు. ఒక్కోటి ఒక్కో చోట తగుల్తుంది. మిరపకాయ కోసం వెతికే నాలుకకి మొదటి రోజు ఇవి వినపడవు, చప్పగా అనిపిస్తుంది, నిజమే. అయినా ఇరాన్ అంతా కారం లేదని కాదు, దక్షిణాన గల్ఫ్ తీరంలో, బుషెహర్, ఖూజెస్తాన్ వైపు, ఘాలియే మాహీ అని చింతపండు, కొత్తిమీర, మెంతికూర, వెల్లుల్లి, మిరపకాయ వేసి చేపల పులుసు చేస్తారు. మెనూలో ఉంటే ఇంకేం చూడొద్దు, అది చెప్పేయండి.

అక్రోట్ అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం ఫెసెంజాన్ జోలికే పోకూడదు. పక్కన వేసిన అక్రోట్లు కావు కదా తీసేసి తినడానికి, ఆ గ్రేవీ అంతా అవే. పెరుగు పచ్చళ్ళ మీదా, వంకాయ మీదా కూడా చల్లుతారు, బుకింగ్ చేసేటప్పుడే చెప్పండి.

ప్రశ్న: ఘోర్మె సబ్జీలో నల్లటి ఉండ ఒకటి వచ్చింది. మాంసం ముక్కనుకుని నోట్లో వేసుకున్నా. చేదు! ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తోంది. ఏంటది?

జవాబు: లీమూ ఒమానీ, ఒమాన్ నిమ్మకాయ అని అర్థం, ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండలో నల్లబడేదాకా ఎండబెట్టిన నిమ్మకాయ. గింజలు, తొక్క చేదు. కొరక్కూడదండీ, స్పూనుతో కూరలోనే మెల్లగా నొక్కి రసం వదలనిచ్చి పక్కన పెట్టెయ్యాలి. ఇష్టంగా నమిలి మింగేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకో నమస్కారం.

ప్రశ్న: మేము శాకాహారులం. ఆఫీసు టీమ్ డిన్నర్ అక్కడే పెట్టారు. నేను సలాడ్ తిని లేచి రావాలా?

జవాబు: అక్కర్లేదమ్మా, ఆకుకూరలకీ వంకాయకీ ఇంత మర్యాద ఇచ్చే వంట తక్కువ. కాకపోతే అడిగి తినాలి, ఎందుకంటే పేరులో ఏమీ కనపడదు. ఘోర్మె సబ్జీలో సబ్జీ ఉంది కదా అని నమ్మకు, మెంతి, కొత్తిమీర, పార్స్‌లీ, రాజ్మాతోపాటు మాంసం ముక్కలు కూడా ఉంటాయి, గెయ్‌మేలో పచ్చిశనగపప్పులాంటి పప్పు కనపడుతుంది కానీ దాంట్లోనూ మాంసమే. ఆష్ రెష్తే అని సేమ్యాలాంటి దారాలు, ఆకుకూరలు, శనగలు, చిక్కుళ్ళు వేసిన చిక్కటి సూపు ఉంటుంది, పైన వేయించిన పుదీనా, ఉల్లిపాయ, కష్క్ వేస్తారు, అద్భుతంగా ఉంటుంది, కాకపోతే ఎముకల రసంతో చేశారా నీళ్ళతోనా అని తప్పకుండా అడుగు.

అడక్కుండా తినగలిగేవాటికి దగ్గరగా ఉండేవి: కష్కె బాదెంజాన్, అంటే వేయించి మెదిపిన వంకాయ మీద కష్క్. జెయ్‌తూన్ పర్వర్దే, ఆలివ్‌లని అక్రోట్, దానిమ్మ పాకం, వెల్లుల్లితో కలిపింది. అదస్ పొలో, మసూర్ గింజలు, కిస్మిస్ వేసిన అన్నం, కొన్నిచోట్ల ఖీమా కలుపుతారు కాబట్టి ఉత్తదే కావాలని చెప్పు. గుడ్డు తింటే కూకూ సబ్జీ ఉంది, ఆకులన్నీ గుడ్డుతో కలిపి మందంగా వేసిన అట్టులాంటిది, మీర్జా ఘాసెమీ ఉంది, నిప్పుమీద కాల్చిన వంకాయ, టమాటా, వెల్లుల్లి, గుడ్డు. గుడ్డు తినకపోతే తాచీన్ జోలికి కూడా వెళ్ళకు, కేకులా కోసి పెట్టే ఆ అన్నంలో పెరుగు, కుంకుమపువ్వుతోపాటు పచ్చసొన ఉంటుంది, మధ్యలో కోడి కూడా ఉండొచ్చు. ఉత్త చెలోలో గిన్నె అడుగున జంతుకొవ్వు వాడారా అనేది కూడా అడగొచ్చు, చాలాచోట్ల నూనో వెన్నో వాడతారు.

ప్రశ్న: మోడ్రన్ అంటే ఏంటి మేడమ్ అసలు? మేము వెళ్ళినచోట పెద్ద ప్లేటు మధ్యలో చిన్న ముద్ద, చుట్టూ దానిమ్మ గింజలు లెక్కపెట్టి తొమ్మిది. ఇంటికొచ్చి మళ్ళీ తిన్నాం. ఇది మోసం కాదా?

జవాబు: తొమ్మిది గింజలు లెక్కపెట్టారంటే ఆకలి ఏ రేంజ్‌లో ఉందో అర్థమైంది! మోసం అనను గానీ, నాకూ కాస్త కడుపుమంటే. అయితే మోడ్రన్ అన్న ప్రతిదాన్నీ తిట్టను. ఇరాన్ బయట ఉన్న పర్షియన్ రెస్టారెంట్లు చాలాకాలం కబాబ్ దుకాణాలే, ఎందుకంటే ఇరాన్‌లో కూడా జనం బయటికెళ్ళి తినేది ఎక్కువగా చెలో కబాబే, గంటలకొద్దీ మరిగే ఖోరెష్‌లు ఇంటి వంట. ఆ ఇంటి వంటలని, గీలాన్ వంటలని, దక్షిణాది చేపలని రెస్టారెంట్ టేబుల్ మీదికి తెచ్చింది ఈ కొత్త తరం వాళ్ళే, దానికి దండం పెట్టాలి. మాస్త్‌ని, అంటే పెరుగుని, పొగబెట్టడం లాంటివి సరదాగానే ఉంటాయి.

నాకు నచ్చనిది ఏంటంటే అన్నాన్ని అలంకారం చెయ్యడం. ఫెసెంజాన్ చుక్క పెట్టి పక్కన రెండు స్పూన్ల అన్నం పెడితే ఆ చిక్కదనాన్ని మోసేదెవరు? ఖోరెష్ రుచి అన్నంతో కలిపితినేలా కట్టింది, విడిగా నాకితే ఘాటుగా తగుల్తుంది. ఈసారి వెళ్తే వెయిటర్‌ని మొహమాటపడకుండా అడగండి, షేరింగ్ సైజు ఉందా, చెలో విడిగా గిన్నెడు ఇస్తారా అని. రెండింటికీ లేదంటే మెనూ మూసేసి లేచి రావచ్చు, తప్పేం లేదు.

ఇంకో చిట్కా. అన్నం మొత్తం ఒకే పసుపురంగులో మెరుస్తుంటే అనుమానించండి. మామూలుగా తెల్లన్నం పెట్టి, కొంచెం అన్నం మాత్రం కుంకుమపువ్వు నీళ్ళతో కలిపి పైన వేస్తారు, తెలుపూ బంగారం పక్కపక్కన కనపడాలి. ప్రపంచంలో పండే కుంకుమపువ్వులో చాలా భాగం ఇరాన్‌దే, ఖొరాసాన్ వైపు నుంచి వస్తుంది, కానీ ఒక పువ్వుకి మూడంటే మూడే రేకలుంటాయి, అవీ చేత్తో తుంచాలి, అందుకే వాళ్ళు కూడా చిటికెడు రేకల్ని కాస్త చక్కెరతో నూరి, వేడినీళ్ళలోనో ఐసుముక్క మీదో వేసి పొదుపుగా రంగు దించుతారు. గిన్నెలకి గిన్నెలు పచ్చగా చెయ్యాలంటే పసుపో రంగో పడి ఉండాలి.

ప్రశ్న: మా ఆఫీస్‌లో ఒక ఇరానీ సీనియర్ ఉన్నారు, మా ఇద్దరినీ డిన్నర్‌కి పిలిచారు. బిల్లు ఎవరు కట్టాలి? పైగా ఆయన ప్రతిదానికీ వద్దు వద్దంటారు, మళ్ళీ తీసుకుంటారు. నాకు తికమకగా ఉంది.

జవాబు: ఆ తికమకకి ఒక పేరుంది, తారోఫ్. ఇవ్వడం, వద్దనడం, మళ్ళీ ఇవ్వడం, మళ్ళీ వద్దనడం, ఆ తర్వాతే తీసుకోవడం. ఇరాన్‌లో దుకాణంవాడు కూడా డబ్బులివ్వబోతే గాబెల్ నదారే అంటాడు, మీ ముందు ఇదెంత అన్నట్టు. అది విని థాంక్స్ చెప్పి సరుకు పట్టుకుని వెళ్ళిపోతే మాత్రం వెనకాల పరిగెత్తుకొస్తాడు. అది మర్యాద మాట, ఆఫర్ కాదు.

మీ విషయంలో పిలిచింది ఆయన కాబట్టి కట్టేది ఆయనే, కానీ మీరు పర్సు తియ్యకుండా కూర్చోకూడదు. రెండుమూడుసార్లు గట్టిగానే అడగండి, ఆయన ఒప్పుకోరు, అప్పుడు ఆగిపోయి, వచ్చేసారి మా వంతు అని చెప్పి నిజంగానే పిలవండి. కొంతమంది చెయ్యి కడుక్కొస్తానని లేచి కౌంటర్ దగ్గర ముందే కట్టేసి వస్తారు, ఆయన అదే చేసినా ఆశ్చర్యపోవద్దు. మీ ప్లేటు ఖాళీ అయితే నింపుతారు, చాలనుకుంటే కొంచెం వదిలెయ్యండి. చివరి తహ్‌దీగ్ ముక్క మీవైపు జరిపి బెఫర్మాయీద్ అంటారు, తీసుకోండి అని. మొదటిసారే లాక్కోకండి బాబూ, ఆయనకే ఇవ్వండి, మళ్ళీ మీకిస్తారు, అప్పుడు తినండి. తిన్నాక దస్తెతూన్ దర్ద్ నకొనే అనండి, మీ చెయ్యి నొప్పెట్టకూడదు అని అర్థం, ఆయన మొహం ఎలా వెలుగుతుందో చూడండి.

మెనూలో దీజీ ఉంటే ఆయనతోనే చెప్పించుకోండి. మాంసం, శనగలు, దుంపలు కలిపి చిన్న కుండలో ఉడికించిన వంట, పక్కన రోకలిలాంటిది ఇస్తారు. ముందు రసం వంపుకుని అందులో రొట్టె చించి వేసుకుని తిని, ఆ తర్వాత కుండలో మిగిలిందాన్ని దంచి రొట్టెతో తినాలి. నేను మొదటిసారి మొత్తం గిన్నెలో ఒంపేసి రోకలితో కొట్టాను, పులుసు ఎగిరి ఎదుటాయన చొక్కా మీద పడింది. ఆయన ఒక్క మాటనలేదు, అదీ తారోఫే అయ్యుంటుంది.

ప్రశ్న: పర్షియన్ అనాలా ఇరానీ అనాలా?

జవాబు: తిండికి రెండూ నడుస్తాయి. 1935లో అప్పటి రాజు రెజా షా ప్రభుత్వం విదేశాలన్నీ తమ దేశాన్ని ఇరాన్ అనే పిలవాలని అడిగింది, అప్పటిదాకా బయటివాళ్ళకి అది పర్షియా. 1979 విప్లవం తర్వాత వేరే దేశాలకి వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది రాజకీయాల గొడవ లేకుండా పర్షియన్ అనే బోర్డు పెట్టుకున్నారు. అయితే గీలాన్ వాళ్ళు, అజర్‌బైజానీలు, కుర్దులు, అరబ్బులు, వీళ్ళందరి వంటలూ ఆ మెనూలో ఉంటాయి, వాళ్ళు పర్షియన్లు కారు, ఇరానీలే. ఓనర్ ఏమంటే అదే అనెయ్యండి.

ప్రశ్న: తాగడానికి ఏం చెప్పాలి? పోయినసారి దూగ్ తాగితే ఉప్పగా గ్యాస్ కొట్టింది, దెబ్బకి సోడానే నయమనిపించింది. చివర్లో టీతో చక్కెర ముక్కలు ఇచ్చారు, స్పూన్ ఇవ్వలేదు.

జవాబు: దూగ్ అంటే పుదీనా వేసిన ఉప్పు మజ్జిగ, గ్యాస్ ఉన్నదీ ఉంటుంది లేనిదీ ఉంటుంది, లేనిది అడగండి. కొవ్వున్న కబాబ్‌తో అది పడినట్టు సోడా పడదు. లేదంటే సెకంజబీన్ చెప్పండి, పంచదార పాకంలో వెనిగర్, పుదీనా వేసిన షర్బత్, వెనిగర్ అనగానే మొహం చిట్లించకుండా ఒక గుక్క తాగి చూడండి. స్వీట్‌లో ఫాలూదే షిరాజీ తీసుకోండి, సన్నటి పిండి దారాలు గడ్డకట్టిన గులాబీనీళ్ళ పాకంలో, పైన నిమ్మరసం పిండుకుంటారు, అంత భోజనం తర్వాత నోరు కడిగేసినట్టు ఉంటుంది. షోలె జర్ద్ అనే కుంకుమపువ్వు పాయసం కూడా బాగుంటుంది కానీ అది మళ్ళీ అన్నమే, పొట్టలో చోటుండాలి.

టీకి స్పూన్ మర్చిపోలేదండీ వాళ్ళు. ఆ ముక్క కంద్, కప్పులో వెయ్యరు, పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీంచి టీ లాగాలి. గట్టి ముక్క, గబుక్కున కరగదు, ఒక ముక్కతో సగం గ్లాసు నడుస్తుంది. కుంకుమపువ్వు వేసిన నబాత్ పటికబెల్లం పుల్ల ఇస్తే మాత్రం అది కప్పులోనే తిప్పుకోండి.